కుర్చీ తీసేసిన వారం

"గురువారం పొద్దున డయాలిసిస్‌కి వెళ్లాలమ్మా. చక్రాల కుర్చీ ఎక్కించే వ్యాన్ కావాలి. పోయినసారి మామూలు కారు పంపించి..." అంటూ ఉండగా మిస్టర్ ఒకాసియో గొంతు తెగిపోయింది.

రోగులకి ఆసుపత్రి బళ్లు ఏర్పాటు చేసే కంపెనీకి ఇంటి నుంచే ఫోన్లు ఎత్తే ఇర్మా, హెడ్‌ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది. చప్పుడు లేదు. తెర మీద ఆయన పేరు పడింది, చిరునామా సగంలో నిలిచిపోయింది. మూలన వైఫై గుర్తు ఉండాల్సిన చోట చిన్న భూగోళం బొమ్మ, దాని మీద అడ్డగీత. శనివారం కంపెనీ వాళ్లు అందరి లాప్‌టాప్‌లకీ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. సోమవారం పొద్దున్నే ఈ భూగోళం వచ్చి కూర్చుంది.

ఆమె ఫోన్ తీసి చూసింది. అదే ఇల్లు, అదే వైఫై. ఫోన్‌లో వీడియో చక్కగా ఆడుతోంది. లాప్‌టాప్ మాత్రం ఊపిరాడనట్టు వెతుకుతూ, దొరికినట్టే దొరికి వదిలేస్తోంది.

కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో బ్రైస్ అనే అతను ఎత్తాడు.

"లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశారా?"

"చేశాను."

"వైఫై పేరు తీసేసి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టారా?"

"కొట్టాను. విమానం బొమ్మ నొక్కి తీశాను. గోడ దగ్గరికి జరిగాను, కిటికీ దగ్గరికి జరిగాను. ఇంక ఇంటి కప్పు ఎక్కడమే మిగిలింది."

"సరే, ఇప్పుడు నాతోపాటు మొదటి నుంచి చేద్దాం. లాప్‌టాప్ ఆపండి."

"నాయనా, నువ్వు రాసింది చూసి చదువుతున్నావు. అప్‌గ్రేడ్ అయ్యాకే ఇలా అయింది. అది రాసుకో."

"అప్‌గ్రేడ్ పరీక్షించి వదిలిందేనండీ. దాని మీద ఫిర్యాదు తీసుకోవద్దని మాకు చెప్పారు."

మళ్లీ ఆపింది. మళ్లీ ఆన్ చేసింది. వైఫై కాసేపు నిలబడింది. ఈలోపు మిస్టర్ ఒకాసియో ఇంకెవరికో మొదటి నుంచి అంతా చెప్పుకుని ఉంటాడు. లేకపోతే విసిగి ఫోన్ పెట్టేసి ఉంటాడు. కాల్ తెగినందుకు ఇర్మా పేరు పక్కన ఎర్ర చుక్క పడింది. ఒకే వారంలో మూడు చుక్కలు పడితే ఆ ఇల్లు పనికి తగదని తేల్చి, ఆఫీసుకి రమ్మంటారు. ఆఫీసు రెండేళ్ల కిందట విమానాశ్రయం అవతలికి వెళ్లిపోయింది. ట్రైను దిగాక బస్సు లేదు. హైవే పక్కన ఫుట్‌పాత్ లేని రోడ్డు, మంచు తోసి పోసిన గుట్టలు, పక్కనే దూసుకుపోయే లారీలు. కారు లేనివాళ్లకి ఆఫీసుకి రమ్మనడమంటే ఉద్యోగం మానుకోమనడమే. ఇర్మాకి కారు లేదు.

*

మంగళవారం రెండోసారి తెగింది. ఈసారి ఒక కూతురు తల్లికి కీమో అపాయింట్‌మెంట్ చెబుతోంది.

"వైఫై మీ సొంతమా అండీ?" అని అడిగాడు బ్రైస్.

"కాదు. కింద ఇంటావిడది. పాస్‌వర్డ్ ఇచ్చింది."

"ఆవిడతో ఈ మధ్య ఏమైనా మాటామాటా వచ్చిందా?"

"దానికీ దీనికీ ఏమిటి?" అంది ఇర్మా.

"ఎందుకంటున్నానంటే, ఇప్పుడు ఫోన్‌లోంచే ఒక్కో లాప్‌టాప్‌ని విడిగా ఆపెయ్యొచ్చు. మీ ఫోన్ పనిచేస్తోంది, లాప్‌టాప్ ఒక్కటే ఆగుతోంది అంటున్నారు కదా. ఎవరో ఆపుతున్నట్టే ఉంది. యజమానితో మాట్లాడండి."

ఇర్మా ఫోన్ పెట్టేసి కిటికీలోంచి వీధిలోకి చూసింది. కింద ఇంటావిడ మిసెస్ కోజుబ్ బ్యూక్ కారు బయటికి వెళ్లింది. అది నిలిచే చోట, నల్లటి తారు మధ్యలో, వీపు విరిగిన వంటింటి కుర్చీ నిలబడి ఉంది.

ఆ కుర్చీ మిసెస్ కోజుబ్ కాలం చేసిన మొగుడు స్టాషెక్‌ది. ఈ వీధిలో మంచు తవ్విన చోటు తవ్విన వాళ్లదే. కారు తీసినప్పుడు అక్కడ కుర్చీయో, చెక్కబల్లో, పాత ఇస్త్రీ బల్లో పెడతారు. దాన్ని జరిపి కారు పెట్టినవాడి అద్దాలకి ఎవరూ పూచీ పడరు. పైవాటాలో దిగిన మొదటి చలికాలమే ఇర్మాకీ మిసెస్ కోజుబ్‌కీ ఒప్పందం కుదిరింది. పెద్దావిడ వైఫై ఇస్తుంది. ఇర్మా ఆవిడ కారు చోటు తవ్వుతుంది. అప్పటి నుంచి ఇద్దరూ మెట్ల మీద "చలి" అనీ, "అవును, చలి" అనీ అనుకోవడం తప్ప పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

పోయిన ఆదివారం ఇర్మా తమ్ముడు బియ్యం బస్తా తెచ్చి, కుర్చీ జరిపి, ఆ చోట్లో ట్రక్కు పెట్టాడు. ఎంతోసేపు కాదు. అంతలో చర్చి నుంచి మిసెస్ కోజుబ్ వచ్చేసింది. కారు దిగలేదు. హారన్ కొట్టలేదు. వీధి చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, ట్రక్కు కదిలాక వచ్చి పెట్టుకుంది. మెట్ల దగ్గర ఇర్మా "క్షమించండి, మా తమ్ముడు..." అంటే, "చలి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం అది జరిగింది. సోమవారం వైఫై పోయింది.

"ముసలిదానా," అంది ఇర్మా కిటికీ అద్దంతో. "తిట్టాలనుంటే మొహం మీద తిట్టాలి. నా కూట్లో చెయ్యి పెడతావా?"

ఆ సాయంత్రం మంచు కురిసింది. బుధవారం పొద్దున లేచేసరికి వీధంతా పూడిపోయింది. ఇర్మా కాఫీ పెట్టుకుంది. పార మెట్ల కింద ఆనించే ఉంది. కోటు వేసుకుని కిందికి వెళ్లింది కానీ పార ముట్టుకోలేదు. మిసెస్ కోజుబ్ చర్చిలో తెల్లవారుజాము పూజకి వెళ్లినట్టుంది, కారు లేదు. కుర్చీ మోకాలి లోతు మంచులో కూరుకుని ఉంది. ఇర్మా దాన్ని పీకి, దులిపి, లోపలికి తెచ్చి, మెట్ల కింద గోడకి తిప్పి పెట్టింది. ఆ వీధిలో ఒకరి కుర్చీని ఇంకొకరు తియ్యడమంటే ఏమిటో ఆమెకి తెలుసు. తెలిసే తీసింది.

పైకి వచ్చి కిటికీ దగ్గర నిలబడి కాఫీ తాగింది. బ్యూక్ వచ్చింది. అప్పటికే ఆ చోట్లో ఎవరిదో నీలం కారు చక్రాలు తిప్పి తిప్పి దూరి, సగం రోడ్డు మీదికి నిలబడింది. మిసెస్ కోజుబ్ కారు రోడ్డు మధ్యలో ఆపి దిగింది. కుర్చీ కోసం మంచులో అటూ ఇటూ చూసింది. తల ఎత్తి కిటికీ వైపు చూసింది. తర్వాత కారు ఎక్కి మలుపు దాటి వెళ్లింది. చాలాసేపటికి నడుచుకుంటూ వచ్చింది, కోటు అంచు తడిసి ముద్దయింది. దారిలో జారినప్పుడల్లా ఆగిన కార్లని చేత్తో పట్టుకుంటూ వచ్చింది.

ఇర్మాకి తృప్తిగా ఉండాలి. కాఫీ మాత్రం చేదుగా ఉంది.

*

తలుపు తట్టిన చప్పుడుకి ఇర్మా తెరిచింది. మిసెస్ కోజుబ్ ఆ మెట్లు ఎక్కి రావడం అదే మొదటిసారి. ఎగశ్వాసతో కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మా ఆయన కుర్చీ గోడకి మొహం పెట్టి ఉంది. బడిలో తప్పు చేసిన పిల్లాడిలా. ఏం చేశాడు?"

"మీరేం చేశారో మీరు చెప్పండి ముందు."

"నేనా?"

"నా లాప్‌టాప్ ఆపేశారు. రెండు చుక్కలు పడ్డాయి. ఇంకొకటి పడితే నా ఉద్యోగం పోతుంది. తమ్ముడు కాసేపు ట్రక్కు పెట్టినందుకు!"

"నేను ఏం ఆపాను?"

"ఇంటర్నెట్! నా ఒక్కదాని ఇంటర్నెట్! ఫోన్‌లోంచి నొక్కి ఆపేస్తారట, మా కంపెనీ వాళ్లే చెప్పారు."

మిసెస్ కోజుబ్ కోటు జేబులోంచి ఫోన్ తీసింది. మడిచి మూసే ఫోను, మీద అంకెల మీటలు అరిగిపోయాయి. దాన్ని ఇర్మా చేతిలో పెట్టింది.

"ఏదీ, ఎక్కడ నొక్కాలో చూపించు. నొక్కుతాను."

ఇర్మా ఫోన్ వైపు చూసింది. తెరిచి, మళ్లీ మూసింది.

"నాకు కోపం వస్తే నోటితో తిడతాను అమ్మాయ్. ఆదివారం తిట్టలేదంటే అప్పుడే చర్చి నుంచి వచ్చాను కనుక. సోమవారం తిడదామనుకున్నాను, మర్చిపోయాను. నీ కంప్యూటర్ పెట్టె తీసుకుని కిందికి రా. మా ఇంట్లో ఇంటర్నెట్ ఎక్కడుంటుందో నాకే తెలియదు, ఇద్దరం వెతుకుదాం."

మేరీమాత పటం వెనక దొరికింది. కేబుల్ కంపెనీవాడు పెట్టిన నల్ల డబ్బా, మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద దుమ్ము. పెట్టిన రోజు నుంచి ఒక చెయ్యి తగిలిన గుర్తు లేదు. ఇర్మా లాప్‌టాప్‌ని వంటింటి బల్ల మీద, ఆ డబ్బాకి చెయ్యి చాచేంత దూరంలో పెట్టి, పని మొదలుపెట్టింది. మిసెస్ కోజుబ్ పియెరోగీలు చేస్తోంది. పిండి అప్పడంలా వత్తి, గాజుగ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, మధ్యలో బంగాళదుంప ముద్ద పెట్టి, అంచులు వేళ్లతో నొక్కుతోంది.

మొదటి కాల్ బాగానే జరిగింది. రెండో కాల్ మధ్యలో భూగోళం వచ్చింది.

డబ్బా పక్కనే. పచ్చ దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కిటికీ గట్టు మీద మిసెస్ కోజుబ్ టాబ్లెట్‌లో పోలిష్ పాటల కార్యక్రమం ఒక్క క్షణం కూడా ఆగకుండా సాగుతోంది.

"మూడు," అంది ఇర్మా.

"అంటే నేను కాదు కదా?"

"మీరు కాదు. ఈ ఇల్లూ కాదు. ఇదీ..." అని లాప్‌టాప్ మూత మీద అరచేత్తో కొట్టింది. "ఇదీ, వాళ్ల అప్‌గ్రేడూ. అబద్ధాలకోరులు! మీ మీదికి ఉసిగొల్పారు నన్ను."

మిసెస్ కోజుబ్ చేతులు తుడుచుకుని, సామాన్ల గదిలోకి వెళ్లి కాఫీ డబ్బా తెచ్చింది. అందులో చుట్టలు చుట్టిన తీగలు. "పైవాటాలో ఇదివరకు ఉన్న కుర్రాడు ఇంటర్నెట్ గాలిలో రాని రోజుల్లో ఇలాంటిదే పెట్టుకునేవాడు. వెళ్తూ చెత్తలో పడేశాడు. స్టాషెక్ చెత్తబుట్టలోది కూడా పారెయ్యనిచ్చే మనిషి కాదు."

పసుపు తీగ ఒకటి రెండు చివర్లా సరిపోయింది. ఇర్మా ఒక కొస నల్ల డబ్బాలో, ఒక కొస లాప్‌టాప్‌లో గుచ్చింది. భూగోళం పోయింది. ఇర్మా కాల్స్ తీసుకుంది, ఒకటి తర్వాత ఒకటి. ఒక్కటీ తెగలేదు.

విరామంలో బ్రైస్‌కి ఫోన్ చేసింది. "తీగతో నడుస్తోంది. అదే డబ్బా. అదే ఇల్లు. గాలిలో మాత్రమే పోతోంది. ఇప్పుడు చదువు, నీ దగ్గర రాసున్నది."

అతను గొంతు తగ్గించాడు. "వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుందండీ. అప్‌గ్రేడ్ పాతది తీసేసి తన సొంతది పెట్టింది. ఈ రకం లాప్‌టాప్‌లన్నిటికీ ఇదే గోల. పాతది మళ్లీ పెడితే చాలు. కానీ పై నుంచి అనుమతి వచ్చేదాకా మేం ముట్టుకోకూడదు."

"మరి ఇంటావిడే ఆపుతోందని ఎందుకు చెప్పావు?"

"అలా అడగమన్నారు," అన్నాడు బ్రైస్.

*

గురువారం ఇర్మా కింది వంటింట్లో, తీగ మీద పనిచేస్తుండగా సూపర్‌వైజర్ కోర్ట్నీ ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఎప్పుడూ పుట్టినరోజు పండగే.

"హాయ్ ఇర్మా! మూడోది పడిందండీ, చూశారా? రూలు మీకు తెలుసు. సోమవారం నుంచి ఆఫీసులో కలుద్దాం!"

"ఇప్పుడు తీగ పెట్టాను. తెగట్లేదు. తప్పు మీ అప్‌గ్రేడ్‌ది."

"అప్‌గ్రేడ్‌ది అని నేను రాయలేనండీ. రాయడానికి అలాంటి కారణమే లేదు. ఒక్క మినహాయింపు ఉంది. వైఫై యజమాని ఆపినట్టయితే అది మీ తప్పు కాదు, చుక్కలు తీసేస్తాను. ఆవిడ ఒప్పుకోరు అనుకోండి..."

ఫోన్ స్పీకర్ మీదే ఉంది. మిసెస్ కోజుబ్ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, బల్ల మీదికి వంగింది.

"నేను యజమానిని. నేనే ఆపాను."

ఇర్మా తల ఎత్తింది. పిండి చెయ్యి ఒకటి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది, బరువుగా.

"ఓహ్! ఎందుకు ఆపారండీ?"

"మా పార్కింగ్‌లో ట్రక్కు పెట్టారు. నాకు కోపం వచ్చింది. ముసలిదాన్ని, కోపం ఎక్కువ. ఇంక ఆపను."

"థాంక్యూ సో మచ్! ఇర్మా, చూశారా, మాట్లాడుకుంటే అన్నీ సర్దుకుంటాయి. చుక్కలు తీసేశాను!"

ఫోన్ ఆగింది. ఇర్మా మణికట్టు మీద తెల్లగా నాలుగు వేళ్ల అచ్చు.

"ఎందుకు చెప్పారలా?"

"ఉద్యోగం నిలబడిందా లేదా?"

"మీరు చెయ్యనిది చేశానని..."

"శనివారం ఫాదర్ దగ్గర చెప్పుకుంటాను. ఆయన నా నోట ఇంతకంటే పెద్దవి విన్నాడు. తిను, పియెరోగీలు చల్లారిపోతాయి."

ఇర్మా తింది. ఆ సాయంత్రం పార తీసుకుని వెళ్లి, నీలం కారు ఖాళీ చేసిన చోటుని తారు కనిపించేదాకా గీకింది. అడ్డం వచ్చిన మంచుగడ్డల్ని కాలితో తన్నింది. కుర్చీ తెచ్చి మధ్యలో పెట్టింది. కోపం తగ్గలేదు. అది పెట్టుకోవడానికి చోటు దొరకలేదు, అంతే.

*

శుక్రవారం పొద్దున అందరికీ కంపెనీ సందేశం వచ్చింది. ఇర్మా దాన్ని నిలబడే చదివింది. కనెక్షన్ సమస్యలకి కొత్త అప్‌గ్రేడ్ కారణం కాదని తేలిందట. ఇళ్లలో వైఫై యజమానులే ఆపుతున్నట్టు, మన సహోద్యోగి ఒకరి ఇంటి యజమానురాలు స్వయంగా ఒప్పుకున్నారట. మీ కుటుంబసభ్యులతో, ఇంటివాళ్లతో వెంటనే మాట్లాడండి అని ఉంది.

చదవడం అవుతుండగానే యొలాండా ఫోన్ చేసింది. ఇర్మాతోపాటే చేరిన మనిషి, నది అవతలి ఒడ్డున కూతురింట్లో ఉంటుంది.

"చూశావా? నేను చెప్పలే, మా అల్లుడే చేస్తున్నాడని! వాడు ఒట్టేసి ఏడ్చినంత పని చేశాడు, నేను నమ్మలా. నిన్న రాత్రి కూతురు నాతో మాట్లాడ్డం మానేసింది. ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి వాడి మొహం మీద పెడతా!"

"పెట్టకు."

"ఏం?"

"పెట్టకు యొలాండా. అల్లుడు ఏం చెయ్యలేదు. తీగ పెట్టి చూడు. నీకు ఇప్పుడే చెబుతా, అందరితోపాటు."

పనిలో ఉన్నవాళ్లంతా మాట్లాడుకునే చాట్ తెరిచింది. రెండు వేళ్లతో, ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. 'ఒప్పుకున్న యజమానురాలు మా ఇంటావిడ. ఆవిడ ఏమీ చెయ్యలేదు. నా ఉద్యోగం కోసం అబద్ధం చెప్పింది. డబ్బా పక్కన కూర్చున్నా తెగింది, తీగ పెడితే తెగలేదు. మీరూ తీగ పెట్టి చూడండి. ఇంట్లోవాళ్లని తిట్టకండి. ఇర్మా.'

పంపే మీట మీద వేలు కొంచెంసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

కోర్ట్నీ ఫోన్ రావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈసారి గొంతులో పండగ లేదు.

"అది తీసెయ్యండి ఇర్మా."

"మీరు మీ సందేశం తీసెయ్యండి. ఆవిడ మాట తీసుకెళ్లి మా అందరి ఇళ్లల్లో నిప్పు పెట్టారు."

"యజమాని ఆపలేదంటే మీ మినహాయింపు పోతుంది. చుక్కలు వెనక్కొస్తాయి. ఆలోచించారా?"

"ఆలోచించే కొట్టాను. నిదానంగా కొడతాను నేను, ఆలోచించడానికి బోలెడు టైము."

"అయితే సోమవారం ఆఫీసుకి రావాలి."

"వస్తాను," అంది ఇర్మా. ఎలా వస్తుందో ఆమెకే తెలియదు.

మధ్యాహ్నానికి చాట్‌లో ఫొటోలు పడటం మొదలయ్యాయి. పడకగదిలోంచి హాల్లోకి పాకిన నీలం తీగ. స్నానాలగది గుమ్మం దాటిన తెల్ల తీగ, దాని మీద కూర్చున్న పిల్లి. 'తెగట్లేదు' అని ఒకరు. 'మా ఆయనకి సారీ చెప్పా' అని ఒకరు. ఆదివారం, ఎవరికీ ఏమీ చెప్పకుండా, కంపెనీ అందరి లాప్‌టాప్‌లలో పాత సాఫ్ట్‌వేర్ తిరిగి పెట్టేసింది. భూగోళం మళ్లీ కనిపించలేదు. ఇర్మాని రమ్మన్న మాట మాత్రం వాళ్లు వెనక్కి తీసుకోలేదు.

*

ఆదివారం మిసెస్ కోజుబ్‌కి విషయం చెబితే ముందు నమ్మలేదు, తర్వాత మండిపడింది.

"నీ కోసం అబద్ధం చెప్పాను! మోకాళ్ల మీద కూర్చుని ఫాదర్‌కి చెప్పుకున్నాను! చేసిన పాపాన్ని అలా తీసుకెళ్లి వీధిలో పారబోస్తావా?"

"నేను చెప్పమనలేదు కదా!"

"మా ఆయనకంటే మొండిదానివి. పో, హైవే మీద నడిచి చావు!" అని తలుపు ధడాలున వేసుకుంది.

సోమవారం ఇంకా తెల్లవారలేదు. ఇర్మా రెండు జతల మేజోళ్లు తొడుక్కుని, లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది. వీధిలో ఇంజను చప్పుడు. బ్యూక్ పొగ కక్కుతూ, అద్దాలు అప్పటికే గీకి ఉంది. మిసెస్ కోజుబ్ నైట్‌గౌను మీద స్టాషెక్ కోటు వేసుకుని డ్రైవర్ తలుపు పట్టుకుని నిలబడింది.

"లైసెన్స్ ఉందా?"

"ఉంది. కారే లేదు."

"నాకు కారుంది, హైవే అంటే భయం. ఎడమ పక్క అద్దం మంచు పడితే కనబడదు, తల తిప్పి చూసుకో. రేడియో ముట్టుకోకు. చర్చికి నడిచి పోతాను, దూరమేం కాదు."

"మిసెస్ కోజుబ్..."

"చలి," అంది పెద్దావిడ. "ఎక్కు."

ఇర్మా ఎక్కింది. సీటు వెనక్కి జరుపుకుంది. కారుని మెల్లగా మంచు గోడల మధ్య నుంచి రోడ్డు మీదికి తీసి, మలుపు దగ్గర ఆగి, చెప్పినట్టే తల తిప్పి చూసింది. వెనక, ఖాళీ అయిన చోట్లోకి మిసెస్ కోజుబ్ విరిగిన కుర్చీని ఈడ్చుకొస్తోంది. దాన్ని తారు మధ్యలో నిలబెట్టి, ఊగుతోందేమోనని చేత్తో కదిపి చూసింది. ఊగుతున్నట్టుంది. వంగి, ఒక కాలి కింద మంచుగడ్డ దోపి, మళ్లీ కదిపింది.